ఏడో నెల బీపీకి మూడో నెలలోనే మందు

ప్రశ్న: నా వయసు 29. తొలి కాన్పులో ఏడో నెల దాటాక బీపీ 160/110కి పెరిగింది. మూత్రంలో అల్బుమిన్ పోతోందని 33వ వారంలోనే ఆపరేషన్ చేసి పాపను తీశారు. 1.6 కిలోలుంది. ‘మాయ సరిగా ఎదగలేదు’ అన్నారు. ఇప్పుడు మళ్లీ పదో వారం. బీపీ 110/70 ఉన్నా, పన్నెండో వారం నుంచి వేసుకోమని ఆస్పిరిన్ రాశారు. రక్తం పలచబడుతుంది, వద్దంటున్నారు అత్తగారు. వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వేసుకోండమ్మా. బీపీ బాగానే ఉన్నప్పుడు మందెందుకని చాలామంది అడుగుతారు. మీకు వచ్చింది ప్రీఎక్లాంప్సియా. అది ముదిరి ఫిట్స్ వస్తే మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేవారు. బయటపడేది ఐదో నెల తర్వాతే అయినా, దానికి బీజం పడేది మాయ కుదురుకునే తొలి నెలల్లోనే.

గర్భసంచి గోడలో మెలికలు తిరిగిన సన్నని ధమనులుంటాయి. మాయ కణాలు వాటిలోకి చొరబడి, కండరపు పొరను తొలగించి, బోదెను వెడల్పు చేసినట్టు వాటిని విశాలం చేస్తాయి. ఇరవయ్యో వారానికి ఈ పని దాదాపు అయిపోతుంది. కొందరిలో కణాలు పైపైనే ఆగిపోతాయి, ధమనులు ఇరుకుగానే మిగిలిపోతాయి. కాన్పయ్యాక అలాంటి మాయను కోసి చూస్తే, రక్తం అందక గట్టిపడి పాలిపోయిన మచ్చలు తరచూ కనిపిస్తాయి. మామూలుగా అరకిలో తూగేది, వీళ్లలో చిన్నదిగా ఉంటుంది.

రక్తం చాలని మాయ ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే ప్రొటీన్‌ను తల్లి ఒంట్లోకి అతిగా వదులుతుంది. 2003లో అమెరికాలో అనంత్ కరుమంచి బృందం ఎలుకల్లో ఆ ప్రొటీన్ పెరిగేలా చేస్తే వాటికీ బీపీ పెరిగింది, మూత్రంలో ప్రొటీన్ పోయింది. కాబట్టి మీరు బిందె ఎత్తినందుకో, ఏదో తిన్నందుకో వచ్చిన జబ్బు కాదిది. ఈ మాట ఇంట్లోవాళ్లకూ చెప్పండి.

ఇక ఆస్పిరిన్ సంగతి. ముప్పు ఎక్కువున్న 1,776 మంది గర్భిణులపై చేసిన ఒక పరిశోధన 2017లో వెలువడింది. 11-14 వారాల మధ్య మొదలుపెట్టి 36వ వారం దాకా రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు ఇచ్చారు. 37 వారాల్లోపే కాన్పు చేయాల్సివచ్చేంత ప్రీఎక్లాంప్సియా, మందులేని మాత్ర మింగినవారిలో 4.3 శాతం మందికి వస్తే, ఆస్పిరిన్ వాడినవారిలో 1.6 శాతం మందికే వచ్చింది. 16వ వారం దాటాక మొదలుపెడితే ఇంత ఫలితం ఉండదు. బీపీ పెరిగాక వేసుకుంటే తగ్గించనూ లేదు.

అత్తగారి భయం పూర్తిగా కొట్టిపారేసేది కాదు. కడుపులో అల్సర్, ఆస్పిరిన్ పడని ఉబ్బసం, రక్తస్రావపు జబ్బు ఉంటే ముందే చెప్పాలి. అవేవీ లేకపోతే ఈ మోతాదుతో బిడ్డకు హాని కనిపించలేదు.

మందు వేసుకుంటున్నాం కదా అని బీపీ చూపించుకోవడం మానొద్దు. 140/90 దాటినా, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కుడి డొక్క పైభాగంలో నొప్పి ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. బిడ్డ ఎదుగుదలకు డాప్లర్ స్కాన్ ఎప్పుడో మీ డాక్టర్‌నే అడగండి. ఈసారి కాన్పయ్యాక మాయను పారేయకుండా పాథాలజీ పరీక్షకు పంపమని కూడా ముందే చెప్పి ఉంచండి.