ఫారం రూపాన్ని కోడ్‌తో మార్చడం: నా పొరపాటు నేర్పిన పాఠం



మా బరంపురంలో ఉపకార వేతనాల దరఖాస్తులను కంప్యూటర్‌లో ఎక్కించే పనికి మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఒక ఫారం తయారు చేశాను. తండ్రి ఉన్న పిల్లలకు 'సంరక్షకుని పేరు' అనే గడి అవసరం లేదు. కనుక దానిని దాచేసి, 'తండ్రి లేరు' అన్నచోట టిక్కు ఉంటేనే కనిపించేలా కోడ్ రాశాను. మొదటి దరఖాస్తుతో సరిచూసుకుని, అంతా బాగుందనుకున్నాను.

కొన్ని వారాల తర్వాత ఒక పెద్దావిడ వచ్చి, "బాబూ, మా మనవరాలి కాగితం ఏమయింది?" అని అడిగారు. వెతికితే ఆ అమ్మాయి దరఖాస్తు 'అసంపూర్ణం' జాబితాలో ఉంది. కాగితం మీద అమ్మమ్మ పేరు స్పష్టంగానే ఉంది. దానిని ఎక్కించవలసిన గడే తెర మీద కనిపించలేదు. డబ్బు అందేసరికి ఫీజు గడువు దాటిపోయింది. వాళ్లు అప్పు చేసి కట్టారు. తప్పు నాదే.

తప్పు ఎక్కడ జరిగింది?

నేను కోడ్‌ను 'లోడ్' ఈవెంట్‌లో పెట్టాను. ఫారం తెరిచినప్పుడు అది ఒక్కసారే పనిచేస్తుంది. మొదటి రికార్డులోని విద్యార్థికి తండ్రి ఉన్నారు కనుక గడి దాగింది. తరువాతి రికార్డులకు వెళ్లినా అలాగే ఉండిపోయింది. రికార్డు మారిన ప్రతిసారీ పనిచేసేది 'కరెంట్' ఈవెంట్. కోడ్ అక్కడ ఉండాలి. టిక్కు పెట్టగానే గడి కనిపించాలంటే, అదే కోడ్‌ను టిక్కు గడి తాలూకు 'ఆఫ్టర్ అప్‌డేట్' ఈవెంట్ నుంచి కూడా పిలవాలి.

గుర్తుంచుకోవలసినవి

1. గడిని చూపడానికి 'విజిబుల్' విలువను 'ట్రూ' అనీ, దాచడానికి 'ఫాల్స్' అనీ ఇవ్వాలి. కర్సర్ ఉన్న గడిని దాచబోతే 2165వ నంబరు లోపం వస్తుంది. ముందుగా 'సెట్ ఫోకస్'తో కర్సర్‌ను వేరే గడికి పంపాలి.

2. గడి స్థానానికి 'లెఫ్ట్', 'టాప్', పరిమాణానికి 'విడ్త్', 'హైట్' ఉన్నాయి. కోడ్‌లో ఇవి ట్విప్స్ అనే కొలతలో ఉంటాయి. అంగుళానికి 1440 ట్విప్స్, సెంటీమీటరుకు సుమారు 567. కింది గడిని అర అంగుళం దించాలంటే దాని 'టాప్' విలువకు 720 కలపాలి. పక్కనున్న లేబుల్‌ను విడిగా జరపాలి.

3. 'కరెంట్'లో ప్రతిసారీ 720 కలుపుతూ పోతే గడి దిగిపోతూనే ఉంటుంది. అందుకే అసలు స్థానాన్ని ముందే ఒక వేరియబుల్‌లో దాచుకుని, ప్రతిసారీ అక్కడి నుంచే లెక్కించాలి.

4. వరుసలుగా ఎన్నో రికార్డులు చూపే ఫారంలో ఒక గడిని దాచితే అన్ని వరుసల్లోనూ దాగిపోతుంది. ఈ పద్ధతి ఒక్కొక్క రికార్డు చూపే ఫారానికే తగినది.

5. కోడ్‌తో కొత్త గడిని సృష్టించే 'క్రియేట్ కంట్రోల్' డిజైన్ వ్యూలోనే పనిచేస్తుంది. ఒక ఫారం జీవితకాలంలో చేర్చగల గడులు, విభాగాలు మొత్తం 754. తీసేసినవి కూడా లెక్కలోకి వస్తాయి. కనుక రోజూ సృష్టించి చెరిపే కంటే, ముందే ఉంచి దాచడం మేలు.

6. కోడ్ రాసే కిటికీలో తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. అందుకే తెలుగు, ఒడియా లేబుళ్లను ఒక టేబుల్‌లో రాసి ఉంచి, కోడ్‌తో అక్కడి నుంచి తెచ్చి 'క్యాప్షన్'కు ఇస్తే చక్కగా కనిపిస్తాయి.

అభ్యాసం

ఐదుగురు విద్యార్థుల వివరాలతో చిన్న టేబుల్ తయారు చేయండి. అందులో ఇద్దరికి తండ్రి లేరనుకోండి. ఫారం తెరిచి ముందుకు, వెనుకకు, ఖాళీగా ఉన్న కొత్త రికార్డుకు వెళ్లి చూడండి. కొత్త రికార్డులో టిక్కు విలువ శూన్యంగా ఉండవచ్చు. 'ఎన్‌జెడ్' ఫంక్షన్‌తో దానిని 'ఫాల్స్'గా తీసుకోండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. దరఖాస్తు ఇచ్చాక, ఎక్కించిన వివరాల ప్రతి ఒకటి అడిగి తీసుకుని కాగితంతో సరిచూసుకోండి. అడగడం మీ హక్కు.

విద్యార్థులారా, మొదటి రికార్డు సరిగా వచ్చిందని సంతోషించి ఆగిపోకండి. రెండవది కూడా చూడండి. ఆ రెండవ రికార్డు వెనుక ఒక ఇల్లు ఉంటుంది.