కుట్టుపని కేంద్రమునకు కావలసిన చిన్న పనిముట్లు

గ్రామములో కుట్టుపని కేంద్రము తెరచునాడు అందరి చూపును కుట్టుమిషను మీదనే నిలుచును. దానికి పసుపు కుంకుమలు పెట్టుదురు, పూలమాల వేయుదురు, దాని వెలను రిజిస్టరులో స్పష్టముగా వ్రాయుదురు. ఏడాది గడచిన పిమ్మట ఆ గదిలోనికి పోయి చూచినచో, నాలుగు మిషనులలో రెండింటిపై గోనెపట్ట కప్పియుండుట పలుచోట్ల కానవచ్చును. చెడిపోయినవా యని అడిగినచో, చెడలేదు, బాబిన్ కేసు పోయినదనియో, సూదులు అయిపోయినవనియో, తోలుపట్టీ తెగినదనియో సమాధానము వచ్చును. వేలాది రూపాయల యంత్రము కొద్దిపాటి వెలగల వస్తువు లేక మూలపడియుండును. పంచాయతీ సభ్యులు మిషనులను గూర్చి ఎట్లును విచారింతురు. కనుక ఈ వ్యాసమున మిషను చుట్టునుండు చిన్న వస్తువులను గూర్చియే వ్రాయుచున్నాము.

ఇది పంచాయతీ పట్టించుకొనదగిన సంగతియా యని కొందరికి తోచవచ్చును. 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ మూలమున చేరిన పదునొకండవ షెడ్యూలులో 29 అంశములు కలవు. వానిలో 9వది ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు. 18వది సాంకేతిక శిక్షణ, వృత్తివిద్య. 25వది స్త్రీ శిశు అభివృద్ధి. కుట్టుపని ఈ మూడింటికిని చెందును. అంతేకాక నేడు కుట్టుపని ఇంటి అవసరములతో ఆగుట లేదు. తెలంగాణలో 2024లో ప్రభుత్వ పాఠశాలల పిల్లల ఏకరూప దుస్తులను కుట్టు పని మహిళా స్వయం సహాయక సంఘములకు అప్పగింపబడినది. అట్టి పనికి గడువు కలదు. బడులు తెరచునాటికి చొక్కాలు, లాగులు సిద్ధముగా నుండవలెను. మే నెలలో బాబిన్ కేసు కొరకు వారము దినములు ఎదురుచూచు కేంద్రమునకు మరుసటి ఏడు ఎవరును పని ఇయ్యరు. కూలి పోగొట్టుకొనునది అక్కడ కూర్చుండి కుట్టు స్త్రీయే.

మొదట కత్తెర సంగతి. కేంద్రమునకు కత్తెరలు రెండుండవలెను. ఒకటి బట్ట కత్తిరించుటకు మాత్రమే వాడు పెద్ద కత్తెర. 8 మొదలు 10 అంగుళముల పొడవు చాలును. దాని పిడి కొంత పైకి వంగియుండుట చూచి కొనవలెను. పిడి వంగియున్నచో క్రింది అలుగు బల్లమీద చదునుగా సాగిపోవును. బట్ట పైకి లేవదు, గీచిన గీత తప్పదు. తిన్నని పిడిగల కత్తెరతో పొరలు వేసి కత్తిరించినపుడు పై పొరకును క్రింది పొరకును తేడా వచ్చును. రెండవది దారములు త్రుంచుటకు, కాగితపు నమూనాలు కోయుటకు వాడు చిన్న కత్తెర. పెద్ద కత్తెరతో కాగితము కోయరాదు. కాగితము తయారీలో చేరు ఖనిజపు పొడి అలుగు వాడిని త్వరగా పోగొట్టును. ఈ సంగతి ఎరుగని పెద్దమనిషి ఎవరో ఒకరు కేంద్రమునకు వచ్చి, కరపత్రములు కోయుటకు ఆ కత్తెరనే అడిగి తీసికొనిపోవుచుందురు! కనుక దాని పిడికి ఒక ఎఱ్ఱగుడ్డ చుట్టి, ఇది బట్టకే యని అందరికిని తెలియజేయుట మంచిది.

కత్తెరలకు ఉత్తరప్రదేశములోని మీరట్ నగరము పేరుపొందినది; అచ్చటి కత్తెరలకు 2013లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. అవి పలుమార్లు సానబట్టించి, మరమ్మతు చేయించి వాడదగినవి. చౌకగా దొరకు కత్తెరలలో కొన్నింటికి మధ్యనున్న రివెటును విప్పుటకు వీలుండదు, వదులైనచో పారవేయవలసినదే. మరతో బిగించిన కత్తెరను కొన్నచో, ఊరికి వచ్చు సానవాని చేత ఏటికి రెండుమార్లు పదును పెట్టించిన చాలును. కొనునపుడు పలుచని తడిగుడ్డను మొన దగ్గర కత్తిరించి చూడవలెను. మొన వద్ద నమలక, సాఫీగా తెగిన కత్తెరయే మంచి కత్తెర.

సూదుల విషయములో పొరపాటు సులభముగా జరుగును. చేతిసూదికి అంకె పెరుగుకొలది సూది సన్నమగును. మిషను సూదికి అంకె పెరుగుకొలది సూది లావగును. రెండింటికిని లెక్క తలక్రిందులు. మిషను సూది పొట్లముపై 90/14 అని యుండుట చూచియే యుందురు. 90 అనగా సూది కాడ లావు మిల్లీమీటరులో నూటికి 90 వంతులు. పలుచని వాయిలు, పట్టు బట్టలకు 9 లేక 11 అంకె సూది. చొక్కా గుడ్డకు, సాధారణ నూలు బట్టకు 14. మందమైన ఖాకీ, జీన్సు గుడ్డలకు 16 లేక 18. కేంద్రములలో తరచుగా 16 అంకె సూదితోనే రవికె మొదలు సంచి వరకు అన్నియు కుట్టుదురు. రవికె గుడ్డ కుట్టు వెంబడి చిన్న చిన్న రంధ్రములు పడుటకు, పోగులు లాగుకొనుటకు కారణమిదియే. మిషనును నిందించి ప్రయోజనము లేదు.

సూది విరుగువరకు దానినే వాడుట మన అలవాటు. మొన మొద్దువారిన సూది గుడ్డలో దిగునపుడు టప్పు టప్పుమని చప్పుడగును, కుట్లు దాటిపోవును. ఎనిమిది పది గంటల కుట్టుపనికి ఒకసారి సూది మార్చుట మేలు. సూదికి ఒకవైపు పొడవాటి గాడి యుండును. దారము ఆ గాడివైపు నుండియే కంటిలోనికి పోవలెను. సూదిని పైకి తగులువరకు దోపి మర బిగింపవలెను. కుట్టు పడుట లేదని మరమ్మతుదారుని పిలుచుటకు ముందు ఈ రెండు సంగతులు చూచుకొన్నచో కొంత డబ్బు మిగులును. ఇక విరిగిన సూది ముక్కలను వెదకి ఏరి, ఒక డబ్బాలో వేయవలెను. పిల్లల చొక్కా మడతలో సూది మొన మిగిలిపోయినచో కలుగు ఆపద చెప్పనక్కరలేదు. దుస్తుల కర్మాగారములలో విరిగిన ప్రతి సూదికిని లెక్క వ్రాయుదురు. ముక్కలన్నియు దొరకువరకు ఆ బట్టను ముందుకు సాగనీయరు.

కొలత టేపును అందరును చిన్నచూపు చూతురు. గుడ్డ టేపు వాడుకొలది సాగును. సాగిన టేపులో గీతల మధ్య దూరము పెరుగును గనుక కొలత అసలుకన్న తక్కువగా కనబడును. ఒకే టేపుతో ఒంటిని కొలిచి, దానితోనే గుడ్డను కొలిచినచో రెండు తప్పులును సరిపోవును. ఇంటిలో కుట్టుకొనువారికి అందువలన తేడా తెలియదు. కేంద్రములో ఒకరు బడికి పోయి పిల్లల కొలతలు తెత్తురు, మరియొకరు వేరు టేపుతో గుడ్డ కత్తిరింతురు. చిక్కు అక్కడ వచ్చును. 30 అంగుళముల ఛాతీకి అరంగుళము తేడా వచ్చినచో చొక్కా బిగుతగును. అట్టివి నలుబది చొక్కాలు తిరిగి వచ్చిన కేంద్రము గతి ఏమి? ఆరునెలలకు ఒకసారి టేపులన్నిటిని ఒక ఉక్కు స్కేలు ప్రక్కన పరచి చూచి, సాగినవానిని తీసివేయవలెను. దర్జీలు అంగుళములలో మాటలాడుదురు, దుకాణదారు మీటర్లలో అమ్మును. అంగుళమునకు 2.54 సెంటీమీటర్లు, 60 అంగుళములకు 152.4 సెంటీమీటర్లు. టేపుకు ఒక ప్రక్క 60 అంగుళములు, వెనుక ప్రక్క సరిగా అదేచోట 150 సెంటీమీటర్లు ముగిసినచో, రెండు ప్రక్కలలో ఒకటి తప్పన్నమాట.

మిషనుకు నూనె వేయుటలో కూడ కొంత వివేకము కావలెను. మిషను నూనె పలుచగా, నీటివలె తేటగా నుండును. అది లేదని కొబ్బరినూనెయో ఆముదమో వేయుదురు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల వేడిమికి దిగువన పేరుకొనును. మార్గశిర పుష్య మాసములలో తెల్లవారునప్పటికి మిషను త్రొక్కుటకు బరువగును. ఆముదము దుమ్ముతో కలిసి జిగురగును. నూనె వేయుటకు ముందు షటిల్ క్రింద చేరిన నూగును చిన్న కుంచెతో దులుపవలెను. బాబిన్లు చూచుటకు ఒకే తీరుగా నుండినను మందములో భేదము కలదు. కొత్తవి కొనబోవువారు పాతదానిని వెంట తీసికొనిపోవలెను.

మిషను లేని ఇంటిలో కూడ సాగు కుట్టుపని ఒకటి కలదు. అది బొంత. పాత నూలుచీరలను పొరలుగా పేర్చి చేతితో కుట్టు బొంతను నాగరికులు కొంతకాలము చులకన చేసిరి. నేడు పట్టణములలో వానికి గిరాకి కలుగుచున్నది. ఐదున్నర మీటర్ల చీర సుమారు 18 అడుగులు. దానిని మూడుగా చేసిన 6 అడుగుల పొరలు మూడు వచ్చును. రెండు చీరలకు ఆరు పొరలు. అంతకు మించినచో సూది దిగుట కష్టము. నూలుచీరల మధ్య పాలియెస్టరు చీర కలుపరాదు; అది జారును, చెమట పీల్చదు. పాతబట్ట ఉతికి ఉతికి కుదించుకొనవలసినంత కుదించుకొనియే యుండును. అంచునకు కొత్తగుడ్డ వేయదలచినవారు దానిని ముందుగా నీటిలో నానబెట్టి ఆరవేయవలెను; లేనిచో మొదటి ఉతుకుతోనే అంచు ముడుచుకొని బొంత వంకర పోవును.

బొంతకు కావలసిన పనిముట్లు కొద్ది. పొరలను నేలపై ముడుతలు లేక పరచి, నాలుగు మూలల బరువులు పెట్టి, నడుమ నుండి అంచులవైపు జానకొక పిన్నీసు గ్రుచ్చవలెను. అంచుల నుండి మొదలిడినచో నడుమ గుడ్డ పొంగును. సూది సుమారు రెండంగుళముల పొడవుండి, కన్ను పెద్దదిగా నుండవలెను. గోనెలు కుట్టు దబ్బనము పనికిరాదు; అది చేయు రంధ్రము పాతబట్టను చించును. దారము మూరన్నరకు మించినచో చిక్కుపడును. దారమును తేనెమైనపు ముద్దపై రెండుమార్లు లాగి వేళ్ళతో నిమిరినచో నునుపై, నూగు లేవక, చిరకాలము మన్నును. నడిమివేలికి లోహపు తొడుగు అత్యవసరము. దర్జీలు దానిని అంగుస్తానా అందురు. వారు వాడునది పైకప్పు లేని ఉంగరము వంటిది, సూదిని దాని ప్రక్కతో నెట్టుదురు. ఆరు పొరలలోనికి వట్టివేలితో సూది నెట్టు స్త్రీ గంట సేపటికే పని ఆపవలసివచ్చును. తొడుగు వెల స్వల్పము. అయినను మన గ్రామములలో బొంత కుట్టు అనేకులు దానిని ఎరుగరు.

వీటన్నిటికంటె ముఖ్యమైన సాధనము మరియొకటి కలదు; దానిని ఎవరును పనిముట్ల పట్టికలో చేర్చరు. అది కళ్ళద్దములు. నలుబదియేండ్లు దాటినవారికి చత్వారము వచ్చుట సహజము. బొంత కుట్టుటలో చేయితిరిగిన ముసలమ్మలు ఆ పని మానుటకు చేతుల నొప్పి కన్న సూదిలో దారము ఎక్కకపోవుటయే పలుమార్లు కారణము. మనుమరాలు బడికి పోయిన వేళ పని ఆగిపోవును. సన్నని తీగతో చేసిన దారమెక్కించు సాధనము చవుకగా దొరకును. సూది వెనుక తెల్లకాగితము పట్టినను, దారమును ఏటవాలుగా కత్తిరించినను కొంత మేలు. అయినను నిజమైన పరిష్కారము కంటి పరీక్షయే. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు కార్యక్రమమున చదువు కళ్ళద్దములను ఉచితముగా పంచిరి. కంటి వైద్య శిబిరము ఎప్పుడు జరిగినను, కుట్టుపని చేయు స్త్రీల పేర్లను ముందుగా వ్రాసి పంపు బాధ్యతను వార్డు సభ్యులు వహింపవచ్చును.

ఇక మిగిలినవి చిన్నవి. గుర్తులు పెట్టుటకు బట్టసుద్ద. వెడల్పు బిళ్ళను అరగదీసి అంచు సన్నముగా ఉంచుకొనవలెను. తప్పు కుట్లు విప్పుటకు చీలిక మొనగల చిన్న సాధనము దొరకును. బ్లేడుతో విప్పువారు గుడ్డను కోయుట పరిపాటి. గుండీలు, హుక్కులు, నాడాలు వేరువేరు డబ్బాలలో నుండవలెను. సముద్రతీర గ్రామములలో సూదులకు త్రుప్పు త్వరగా పట్టును. మిషను నూనె తడిపిన గుడ్డముక్కతో మూతగల గొట్టములో దాచవలెను. ఇస్త్రీపెట్టె మాట మరువరాదు. ప్రతి కుట్టును అప్పటికప్పుడు అణచి ఇస్త్రీ చేసినచో చవుక గుడ్డ కూడ దర్జీ కుట్టినట్లు కనబడును.

1924లో యంత్రములను గూర్చి ఒక విద్యార్థితో జరిగిన సంభాషణలో గాంధీజీ కుట్టుమిషనును మేలైన వానిలో నొకటిగా ఎంచిరి; భార్య పడు శ్రమను చూచి సింగర్ దానిని రూపొందించెనని కూడ అనిరి. ఆ యంత్రము శ్రమను తగ్గించుట నిజమే. అది ప్రతిదినము తిరుగునట్లు చూచుటకు నాలుగు మిషనుల కేంద్రమునకు ఒక విడిభాగముల పెట్టె చాలును. అందులో 11, 14, 16 అంకెల సూదులు రెండేసి పొట్లములు, ఇరువది బాబిన్లు, రెండు బాబిన్ కేసులు, రెండు తోలుపట్టీలు, ఒక మరచీల, కుంచె, మిషను నూనె సీసా, రెండు మంచి టేపులు ఉండవలెను. కేంద్రము మంజూరు చేయునపుడే ఏటేట దీనికి కొంత సొమ్ము ప్రత్యేకించి తీర్మానములో వ్రాయుట మంచిది. మొదటి సంవత్సరము కొని ఊరుకొన్న పెట్టె రెండవ సంవత్సరమునకు ఖాళీ యగును.

వాడినదానిని వాడిననాడే ఒక నోటుపుస్తకములో వ్రాయవలెను. ఏప్రిల్ నెలలో సభ్యులొకరు ఆ పుస్తకమును పెట్టెతో సరిచూచి, తరిగినవానిని తెప్పించినచో బడి దుస్తుల పని మొదలగుసరికి కొరత యుండదు. పెట్టెను పంచాయతీ కార్యాలయపు బీరువాలో పెట్టరాదు. తాళపుచెవి కేంద్రములో కుట్టు స్త్రీలలో ఒకరి వద్ద నుండవలెను. కార్యదర్శి సెలవులో నున్న దినమున కూడ సూదులు విరుగును.