ఏ జంతువులో తగ్గింది?

శ్రీ విజయపురం, అండమాన్



ప్రాజెక్టుకు నోని తీసుకుంటున్నానని, ఎలుకల్లో కొలెస్ట్రాల్ తగ్గిన ఫలితాలు దొరికాయని రాశావు. సంతోషం. అది మన దీవుల తీరం వెంట తనంతట తాను పెరిగే చెట్టు. ఇక్కడి కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ దాని మీద పని చేసింది కూడా. కానీ ‘తగ్గింది’ అన్న మాట దగ్గరే ఆగకు. ఏ జంతువులో తగ్గిందో అడుగు.

కొలెస్ట్రాల్ నీళ్లలో కరగదు. మన దీవులకు సరుకు ఓడెక్కి వచ్చినట్టు, రక్తంలో అది లైపోప్రొటీన్లెక్కి తిరుగుతుంది. కణజాలాలకు చేరవేసేది ముఖ్యంగా ఎల్‌డీఎల్. మిగులును కాలేయానికి తిరిగి తెచ్చేది హెచ్‌డీఎల్. మనిషిలో సీఈటీపీ అనే ప్రొటీన్ హెచ్‌డీఎల్ మీది కొలెస్ట్రాల్ ఎస్టర్లను దించి ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్ మీదికి ఎక్కిస్తుంది. అటునుంచి ట్రైగ్లిజరైడ్లను తెస్తుంది. ఎలుకలోనూ చిట్టెలుకలోనూ ఈ ప్రొటీన్ పని కనిపించదు. అందుకే వాటి కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం హెచ్‌డీఎల్‌లోనే ఉంటుంది. కుందేలుకు, హామ్‌స్టర్‌కు సీఈటీపీ ఉంది.

తేడా అక్కడితో అయిపోదు. హెచ్‌డీఎల్‌కు ఆధారమైన అపో ఏ-1 ప్రొటీన్‌ను ఫిబ్రేట్ మందులు మనిషిలో పెంచుతాయి, ఎలుకలో తగ్గిస్తాయి. జపాన్‌లో అకిరా ఎండో బృందం 1973లో బూజు నుంచి తీసిన కాంపాక్టిన్ ఎలుకల్లో కొలెస్ట్రాల్ తగ్గించలేదు. గుడ్లు పెట్టే కోళ్లకు మేపితే దాదాపు సగానికి తగ్గింది! ఎలుక చెప్పిందే వేదమనుకుని ఉంటే ఈ కోవకే చెందిన కొలెస్ట్రాల్ మందులు, స్టాటిన్లు, ఎప్పటికి వచ్చేవో.

మన హైదరాబాద్ కథ నువ్వు తప్పక చదవాలి. డాక్టర్ రెడ్డీస్ శాస్త్రవేత్తలు రాగాగ్లిటజార్ అనే మందును తయారుచేశారు. అది పీపీఏఆర్ ఆల్ఫా, గామా గ్రాహకాలు రెండింటినీ మేల్కొల్పుతుంది; చక్కెరకూ కొవ్వుకూ ఒకే మాత్ర అన్నమాట. కొవ్వు మేపిన ఎలుకల్లోనూ హామ్‌స్టర్లలోనూ అది కొలెస్ట్రాల్‌ను, ట్రైగ్లిజరైడ్లను తగ్గించింది. ఒక్క జాతితో సరిపెట్టుకోకపోవడం నాకు ఎంతో నచ్చిన సంగతి. డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్ ఆ మందు హక్కులు తీసుకుని మనుషుల మీద మూడో దశ దాకా వెళ్లింది. 2002 జులైలో ఆపేశారు. దీర్ఘకాలం మందిచ్చిన ఎలుకల మూత్రాశయంలో కణుతులు కనిపించాయి. కొవ్వు లెక్క ఎంత బాగున్నా, మిగతా అవయవాలను ఏళ్ల తరబడి ఎవరో ఓపికగా చూడాల్సిందే. ఆపిన ఆ నిర్ణయాన్ని ఓటమి అనకు తల్లీ. ఎందరో రోగులను కాపాడి ఉంటుంది.

ఇప్పుడు నీ పేపర్లు తీయి. ముగింపు కన్నా ముందు పద్ధతుల భాగం చదువు. ఏ జాతి, ఏ మేత, ఎన్ని వారాలు, కిలో బరువుకు ఎంత మోతాదు అన్నవి నోటుబుక్కులో రాసుకో. ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ విడివిడిగా కొలిచారా, మొత్తం ఒకే అంకెగా ఇచ్చారా చూడు. మామూలు మేత తిన్న ఎలుకలో మొత్తం కొలెస్ట్రాల్ తగ్గిందంటే, తగ్గింది హెచ్‌డీఎలే కావచ్చు.

నీ పెదనాన్న