మానిటర్ సీటుది, ల్యాప్‌టాప్ మనిషిది

ఏ కంప్యూటర్ ఎక్కడుందో, ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో రాసిపెట్టే షీటు లేని ఆఫీసు ఉండదు. దాన్ని నమ్మి తిన్నగా ఆ సీటు దగ్గరికి వెళ్లగలిగే ఆఫీసులే తక్కువ. వస్తువును, సీటును, మనిషిని ఒకే వరుసలో కుక్కేస్తాం. మనిషి సీటు మారిన రోజే ఆ వరుస తప్పవుతుంది. అందుకని మూడింటికీ మూడు షీట్లు పెట్టి, నంబర్లతో ముడి వేయాలి.

ముందు సీట్లు. ఫ్లోర్ ప్లాన్ ప్రింటు తీసి అంతస్తు, వింగ్, వరుస, సీటు క్రమంలో 4బి-07-03 లాగా నంబర్లు వేయండి. స్టిక్కరు పార్టిషన్‌కే అంటించాలి. కుర్చీకి అంటిస్తే సాయంత్రానికి అది మీటింగ్ రూములో తేలుతుంది. పనిలో పనిగా టేబుల్ కిందికి వంగి, నెట్‌వర్క్ సాకెట్ మీద ఉన్న పోర్ట్ నంబరు కూడా రాసుకోండి. దాని అవసరం ముందు ముందు ఉంది.

తర్వాత వస్తువులకు ట్యాగులు. ట్యాగ్ నంబరులో డిపార్ట్‌మెంట్ పేరు ఇరికించకండి. డిపార్ట్‌మెంట్లు విడిపోతాయి, కలిసిపోతాయి, వస్తువు మాత్రం అదే. 00417 లాంటి ఉత్త వరుస సంఖ్య చాలు. ల్యాప్‌టాప్‌కి కాగితం లేబుల్ నిలవదు, పాలియెస్టర్‌ది వాడండి. గాలి వచ్చే రంధ్రాలకు దూరంగా అంటించండి.

ఇక అసలు పని, నడక. ఇద్దరు ఉంటే మేలు: ఒకరు చదవాలి, ఒకరు ఎక్కించాలి. బార్‌కోడ్ స్కానర్ ఉంటే అది కీబోర్డులాగే పనిచేస్తుంది కాబట్టి సీరియల్ నంబర్లు నేరుగా ఎక్సెల్ గడిలో పడతాయి. ఇక్కడే జాగ్రత్త. 00417ను ఎక్సెల్ 417 చేసేస్తుంది. 1234ఈ56 లాంటి సీరియల్ నంబరును, మధ్యలో ఇంగ్లిష్ ఈ అక్షరం ఉంది కదా అని, 1234 పక్కన 56 సున్నాలున్న పెద్ద సంఖ్యగా అర్థం చేసుకుంటుంది. ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టాలి. పాడయ్యాక ఫార్మాట్ మార్చినా అసలు నంబరు తిరిగిరాదు, మళ్లీ నడవాల్సిందే. వందల్లో పరికరాలుంటే స్నైప్-ఐటీ, జీఎల్‌పీఐ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి వెళ్లడమే సుఖం.

ఎక్కించేటప్పుడు నియమం ఒక్కటే. మానిటర్, డాక్, డెస్క్ ఫోన్ సీటు పేరు మీద. ల్యాప్‌టాప్, హెడ్‌సెట్ ఉద్యోగి నంబరు మీద. ఇంటికి పంపిన మానిటర్ సంగతి? అది గేట్ పాస్ నంబరుతో సహా ఉద్యోగి ఖాతాలోకి మారుతుంది.

రాసింది నిజమో కాదో నెట్‌వర్క్ స్విచ్‌ని అడగండి. ఏ పోర్టులో ఏ మ్యాక్ అడ్రస్ కనబడుతోందో దాని పట్టికలో ఉంటుంది. పోర్టు నుంచి ప్యాచ్ ప్యానెల్‌కి, అక్కడి నుంచి మీరు టేబుల్ కింద రాసుకున్న సాకెట్ నంబరుకి వస్తే సీటు దొరికినట్టే. డాక్ ద్వారా కేబుల్ పెట్టుకున్న ల్యాప్‌టాప్ చాలాసార్లు డాక్ మ్యాక్ అడ్రస్‌తోనే కనిపిస్తుంది, మోసపోకండి. వైఫై మీదున్నవి ఏ యాక్సెస్ పాయింట్ దగ్గరున్నాయో తెలుస్తుంది తప్ప ఏ సీటో తెలియదు. తెలియనక్కర్లేదు కూడా. మనం వెతుకుతున్నది వస్తువును, మనిషి టీకి ఎప్పుడు లేచాడో కాదు.

ఇదంతా నిలబడాలంటే టికెట్ లేకుండా సీటు మార్పు జరగకూడదు. ఫసిలిటీస్ వాళ్లు పెట్టెలు మోసే ముందు టికెట్, ఉద్యోగి మానేసేటప్పుడు హెచ్‌ఆర్ క్లియరెన్సుకి ముందు ఐటీ సంతకం. ఈ రెండూ కుదరకపోతే పైన చెప్పిన శ్రమంతా దండగ.

చివరగా పాతబడ్డవి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం వాటిని రిజిస్టరైన రీసైక్లర్, రీఫర్బిషర్ లేదా ప్రొడ్యూసర్ ద్వారానే వదిలించుకోవాలి, పాత సామాన్ల బండికి వేయకూడదు. డిస్కు తుడిచి, రసీదు నంబరు రాసి, స్థితిని ‘తొలగించాం’ అని మార్చండి. వరుసను మాత్రం చెరిపేయకండి. ఆడిటర్ మొదట అడిగేది ఆ వరుసల గురించే.