బేత్లెహేములో పని వెదకిన స్త్రీ

పాఠ్యభాగములు: రూతు 2వ అధ్యాయము, లేవీయకాండము 23:22



డిసెంబరు మాసము వచ్చినది. ఇండ్లకు సున్నములు వేయుచున్నారు. గుమ్మములకు నక్షత్రములు కట్టుచున్నారు. హైదరాబాదుకును, బెజవాడకును, గల్ఫు దేశములకును పనులకై వెళ్లిన బిడ్డలు ఇంటికి చేరుచున్నారు. అయితే ఈ సంతోషము నడుమ కొన్ని ఇండ్లలో ఒక బాధ దాగియున్నది. చదువు ముగించియు పని దొరకని కుమారుడో, ఉన్న పని పోగా తిరిగి వచ్చిన కుమార్తెయో ఆ ఇంట నుండును. అట్టివారికి పండుగ బరువుగా తోచును.

గత సంవత్సరము క్రిస్మస్ పాటలకు మేము ఇంటింటికి తిరుగుచుండగా, ఏటేటా డోలకు వాయించు ఒక యౌవనస్థుడు రాలేదు. మరునాడు మేము వాని ఇంటికి వెళ్లి అడిగితిమి. "గుడికి వస్తే అందరూ ఒకటే అడుగుతారండి అయ్యగారూ, ఏం చేస్తున్నావని. ఏం చెప్పమంటారు? మొన్న ఆదివారం మీరూ అడిగారు" అని అతడు తల వంచుకొనెను. మాకు సిగ్గు వేసెను. మేము అడిగిన మాట నిజమే. జవాబు కొరకు నిలువక ముందుకు సాగిపోయిన మాటయు నిజమే. ఆ రాత్రి మేము రూతు గ్రంథము తెరచి చదివితిమి.

మన రక్షకుడు పుట్టిన బేత్లెహేమను పేరునకు రొట్టెల ఇల్లు అని అర్థము. ఆ ఊరికే నయోమి ఒకప్పుడు మోయాబు దేశమునుండి తిరిగి వచ్చెను. భర్తయు ఇద్దరు కుమారులును చనిపోయిరి. చేతిలో ఏమియు లేదు. ఊరంతయు గుమిగూడి, ఈమె మన నయోమియేనా అని ఆశ్చర్యముతో అడిగెను. నిండుగా వెళ్లి వట్టి చేతులతో వచ్చితినని ఆమె ఏడ్చెను. అడిగినవారు అనేకులు గాని, ఆ పూట వారి పొయ్యి మీదికి గింజలు తెచ్చినవారు ఉన్నట్లు గ్రంథము చెప్పుట లేదు. మన ఊళ్లలో పండుగనాటి ప్రశ్నలు అనేకము ఇట్టివే.

ఇప్పుడు రూతును చూడుడి. ఆమె పరదేశి, విధవరాలు. ఆ ఊరిలో ఎవరును ఆమెను ఎరుగరు. అయినను ఆమె మూల కూర్చుండలేదు. మొదట అత్తగారి సెలవు అడిగెను. తరువాత పొలమునకు వెళ్లి, కోతవారి మీద నున్న పనివానిని అనుమతి అడిగెను. దొరికిన పని పెద్దది కాదు, కోతవారి వెనుక పరిగె ఏరుకొనుట. దానినే ఉదయమునుండి సాయంకాలమువరకు చేసి, దులుపుకొని, తూమెడు యవలు ఇంటికి తెచ్చెను. యవల కోతతో మొదలుపెట్టి గోధుమల కోత ముగియువరకు ఆమె ఆ పని విడువలేదు. అడుగుట ఆమెకు అవమానము కాలేదు. పని లేకపోవుట పాపము కాదు. యౌవనస్థులారా, దానిని దాచుకొని దాగియుండుట వలననే మనకు నష్టము కలుగును.

బోయజును కూడ చూడుడి. ఈ చిన్నది ఎవరిదని ఆయనయు అడిగెను. అయితే ఆయన ప్రశ్న అక్కడ ఆగలేదు. ఆమెకు పొలములో చోటు చూపెను, త్రాగుటకు నీళ్లు చూపెను, భోజనవేళ తన పనివారితోపాటు కూర్చుండబెట్టి పేలాలు అందించెను. పనలలోనుండి కొన్ని పిడికిళ్లు కావలెనని జారవిడువుడని తన పనివారికి ఆజ్ఞ ఇచ్చెను. ఆమె చేతి కష్టము ఆమెకే ఉండనిచ్చి, ఆ కష్టము ఫలించునట్లు చేసెను. సహాయము చేయు విధమిదియే.

లేవీయకాండము 23వ అధ్యాయము పండుగల అధ్యాయము. పస్కా, వారముల పండుగ, పర్ణశాలల పండుగ, అన్నియు వరుసగా అందులో నున్నవి. ఆ వరుస నడుమ, 22వ వచనములో, పొలము అంచులను పూర్తిగా కోయవద్దనియు, పరిగెను బీదలకును పరదేశులకును విడువవలెననియు దేవుడు చెప్పెను. పండుగల పట్టికలో పని లేనివాని భాగమును దేవుడు తానే వ్రాయించెను. అది లేని పండుగ ఆయన యెదుట కొరతగలది. కనుక ఈ క్రిస్మస్‌కు కొత్త బట్టలు కొను ప్రతి ఇల్లు, మన పొలము అంచున ఎవరికి చోటు విడిచితిమని అడుగుకొనవలెను.

ఇక చేయవలసిన పనులు చెప్పుకొందము. పండుగలు అయిన తరువాత చూతమని వాయిదా వేయవద్దు. మన దేశములో సర్కారు లెక్కల సంవత్సరము మార్చితో ముగియును గాని డిసెంబరుతో కాదు. క్రిస్మస్ సెలవు పోగా ఆఫీసులు పని చేయుచునే యుండును. ఊరికి వచ్చిన బంధువులు జనవరి మొదటి వారములో తిరిగి వెళ్లుదురు. వారు ఉండగానే సర్టిఫికెట్ల నకళ్లు చేతబట్టుకొని వెళ్లి, మీరున్న చోట ఏయే పనులున్నవని విడిగా అడుగుడి. కేంద్ర ప్రభుత్వము 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీసులో రుసుము లేకుండ పేరు నమోదు చేసికొనవచ్చును. డెల్టా ఊళ్లలో ఇవి మాసూళ్ల దినములు. వెనువెంటనే దాళ్వా నాట్లు వచ్చును. చదివినవాడు కల్లములో లెక్క వ్రాసినను, మూట మోసినను తక్కువవాడు కాడు.

ఒక హెచ్చరిక. వేరొక పొలములో నీకు హాని కలుగకుండునట్లు బోయజు పనికత్తెలతోనే ఉండుమని నయోమి రూతుతో చెప్పెను. పని వెదకువారికి ఈ జాగ్రత్త నేడును కావలెను. 2024 మే మాసములో విశాఖపట్నము పోలీసులు కొందరు ఏజెంట్లను పట్టుకొనిరి. కంప్యూటరు ఉద్యోగములని చెప్పి మన యువకులను కంబోడియాకు పంపి, అక్కడ వారిచేత సైబరు మోసములు చేయించినట్లు అప్పుడు బయటపడెను. కనుక విదేశమునకు పిలుచు ఏజెంటు 1983 నాటి వలస చట్టము క్రింద రిజిస్టరు అయియున్నాడో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో చూడుడి. విజిట్ వీసా మీద ఉద్యోగమునకు వెళ్లవద్దు. ఇక్కడి ఉద్యోగమైనను ముందుగా డిపాజిట్టు కట్టుమనువానిని నమ్మవద్దు. పొలము తాకట్టు పెట్టకముందే సంఘ పెద్దలతో ఒక్క మాట చెప్పుడి.

ఆ యౌవనస్థుని సంగతి చెప్పి ముగింతుము. హైదరాబాదునుండి వచ్చిన ఒక సహోదరుడు అతని ప్రక్కన కూర్చుండి, కాగితములు చూచి, కంప్యూటరులో లెక్కలు వ్రాయుట నేర్చుకొనుమని చెప్పెను. వెంటనే ఉద్యోగము రాలేదు. దగ్గరనున్న రైసు మిల్లులో కాటా లెక్కలు వ్రాయు పని రెండు నెలలు చేసెను. సాయంత్రములు నేర్చుకొనెను. వేసవిలో పట్టణములో పని దొరికెను. అయితే మాకు ఎక్కువ సంతోషము కలిగించినది వేరొకటి. పని ఇంకను దొరకకముందే, డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు అతడు వచ్చి డోలకు వాయించెను.

పని వెదకుచు బోయజు పొలములో అడుగుపెట్టిన రూతు పేరు, మత్తయి మొదటి అధ్యాయములో యేసు క్రీస్తు వంశావళియందు కనబడుచున్నది. ఆమె పరిగె ఏరిన ఊరనే దావీదు పుట్టెను, ఆ ఊరనే రక్షకుడును పుట్టెను. కావున పని వెదకువాడు క్రిస్మస్‌కు దూరస్థుడు కాడు. ఈ పండుగ కథలోనే అతనికి చోటున్నది.

కుటుంబ ధ్యానమునకు ప్రశ్నలు:
1. నయోమిని ఊరు అడిగిన ప్రశ్నకును, బోయజు అడిగిన ప్రశ్నకును భేదమేమి?
2. మన సంఘములో పని వెదకుచున్నవారు ఎవరు? ఈ వారము వారిని ఎవరు కలిసికొందురు?
3. మన చేతిలో జారవిడువదగిన పిడికిలి ఏది?

ప్రార్థన: ప్రభువా, పని లేని మా బిడ్డల సిగ్గును తొలగించుము. వారికి అడుగు ధైర్యమును, మాకు బోయజు హృదయమును దయచేయుము. ఆమేన్.