అడిగే చెయ్యి, తవ్వే చెయ్యి

అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్ నగరానికి ఒక భాగ్యం ఉంది. ఊరి నడిబొడ్డు నుంచి నది దాటితే చాలు, దక్షిణపు గట్టున సుమారు వెయ్యి ఎకరాల అడవి మొదలవుతుంది. అందులో యాభై మైళ్ళకు పైగా కాలిబాటలున్నాయి. నడిచేవాళ్ళు, పరుగెత్తేవాళ్ళు, సైకిలు తొక్కేవాళ్ళు అందరూ వాటి మీదే తిరుగుతారు. ఆ ఊరివాళ్ళు దీన్ని అర్బన్ వైల్డర్‌నెస్ అంటారు. ఈ బాటల్లో చాలావాటిని తవ్వింది జీతగాళ్ళు కారు. శనాదివారాల్లో పారలు పట్టుకొచ్చిన ఊరివాళ్ళు.

మనిషి చెయ్యి పడని అడవేమీ కాదది. అంతర్యుద్ధ కాలంలో, 1863లో, సైన్యం కట్టిన మట్టికోటలు ఆ కొండల మీద ఇంకా ఉన్నాయి. పేరుపడ్డ టెనెసీ పాలరాయిని తవ్వి తీసిన గనులు ఉన్నాయి. వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ గోడలకున్న గులాబిరంగు రాయి టెనెసీ గనులదే. ఆ గనుల్లో ఒకటైన మీడ్స్ క్వారీలో పని ఆగిపోయాక అడిగేవాడు లేక అది చెత్త పారబోసే చోటయింది. ఆ చెత్తను ఏళ్ళ తరబడి ఎత్తినవాళ్ళలో స్వచ్ఛంద సేవకులే ఎక్కువ. ఇప్పుడక్కడ నీలాల నీటి మడుగు, దాని చుట్టూ నడకదారి. పక్కనే ఐజమ్స్ ప్రకృతి కేంద్రం ఉంది. 1910లో ఒక దంపతులు ఇరవై ఎకరాలు కొని, పక్షుల కోసం కాపాడుకుంటూ వచ్చిన నేల అది.

వ్యక్తిత్వ వికాసం గురించి రాస్తూ ఈ ఊరి సంగతి ఎత్తుకోవడానికి కారణం ఉంది. ధైర్యం, వినయం, నిలకడ, బాధ్యత లాంటి మాటలు మనకు పుస్తకాల్లో దొరుకుతాయి. చదివి తల ఊపుతాం. అవి ఒంట బట్టాలంటే ఏదో ఒక పనిలో దిగాలి. ఊరందరిదీ అయిన ఒక బాటను బాగుచేయడం, దానికి కావలసిన డబ్బు నలుగురినీ అడిగి తేవడం: ఈ రెండూ కలిసిన పని మనిషిని తీర్చిదిద్దినట్టు మరేదీ దిద్దదని నా నమ్మకం. రెంటిలో ఏ ఒక్కటి చేసినా సగమే.

ముందు తవ్వే పని సంగతి. కొండబాటను పాడుచేసేది మనిషి కాలు కన్నా ఎక్కువగా వాననీరు. బాట నేరుగా కిందికి దిగితే నీరు దాన్నే కాలువ చేసుకుంటుంది. మట్టి కొట్టుకుపోతుంది, రాళ్ళూ వేళ్ళూ తేలతాయి. బాట మధ్య నీరు నిలిస్తే నడిచేవాళ్ళు బురద తప్పించుకోవడానికి పక్కనుంచి వెళతారు. పక్కనున్న గడ్డి చస్తుంది, బాట వెడల్పవుతుంది, మరునాడు ఇంకొంచెం పక్కకు జరుగుతారు. అడుగున్నర బాట కొన్నేళ్ళలో బండిదారంత అవుతుంది. అందుకని బాట వేసేవాళ్ళకు కొన్ని లెక్కలున్నాయి. బాట ఏటవాలు, అది సాగే కొండవాలులో సగాన్ని మించకూడదు. మొత్తం మీద సగటున నూటికి పది దాటకుండా చూసుకుంటారు. బాట అడుగుభాగం లోయ వైపు నూటికి అయిదు వంతున ఒరిగి ఉండాలి, అంటే మీటరు వెడల్పుకు అయిదు సెంటీమీటర్లు. అప్పుడు నీరు బాట వెంట పరుగెత్తకుండా అడ్డంగా దాటి జారిపోతుంది. అక్కడక్కడా బాటను కాస్త దింపి మళ్ళీ ఎక్కిస్తారు. ఆ పల్లం దగ్గర నీరు బయటికి పోక తప్పదు.

ఈ పనికి కొత్తగా వచ్చినవాడు గుంట కనపడగానే మట్టి తెచ్చి పోస్తాడు. అనుభవం ఉన్నవాళ్ళు ఆపుతారు. ఆ నీరెక్కణ్ణుంచి వస్తోందో చూడమంటారు. పైకి నడిచి చూస్తే ఇరవై అడుగుల ఎగువన నీరు బయటికి పోవలసిన చోట ఆకులూ మట్టీ పేరుకుని గట్టు కట్టి ఉంటాయి. ఆ గట్టు కోస్తే కింది గుంట దానంతటదే ఆరుతుంది. ఇలా పదిసార్లు చేసినవాడికి ఒక చూపు అలవడుతుంది. ఇంట్లో గొడవ వచ్చినా, ఆఫీసులో పని చెడినా, గుంట దగ్గర నిలబడి అరవడం మాని ఎగువకు నడిచి చూస్తాడు. ఈ ఒక్క అలవాటు కోసమైనా యువకులు బాటపనికి వెళ్ళాలంటాను.

ఇంకొక గుణం కూడా ఈ పనిలోనే పట్టుబడుతుంది. పనిముట్టు చేతపట్టుకుని నడిచేటప్పుడు ఎలా పట్టుకోవాలో, పక్కవాడికి ఎంత ఎడంగా నిలబడాలో మొదటి రోజే చెబుతారు. చెప్పేవాడు పంతొమ్మిదేళ్ళ కుర్రాడు కావచ్చు, వినేవాడు పెద్ద కంపెనీలో వందమందిని నడిపే మనిషి కావచ్చు. బాట మీద పని తెలిసినవాడిదే మాట. వాళ్ళు వాడే పనిముట్లలో ఒకదాని పేరు పులాస్కీ. ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు నేల తవ్వే అంచు. 1910లో ఐడహో అడవుల్లో మహాగ్ని చెలరేగినప్పుడు తన వెంట ఉన్న నలభైమందికి పైగా మనుషులను ఒక గని సొరంగంలోకి తీసుకెళ్ళి, వాళ్ళలో ఎక్కువమందిని బతికించిన ఎడ్ పులాస్కీ అనే అటవీ ఉద్యోగి పేరు మీద అది వాడుకలోకి వచ్చింది. ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుసుకుని దాన్ని చేతపట్టిన కుర్రాడి నడకలో కాస్త గౌరవం కనిపిస్తుంది.

ఇక అడగడం. చెమటోడ్చడానికి ముందుకొచ్చేవాళ్ళు కూడా చందా పుస్తకం చేతికిస్తే వెనక్కి తగ్గుతారు. మనవాళ్ళు వినాయక చవితి పందిరికి ఇంటింటికీ తిరిగి అడుగుతారు, జాతరకు అడుగుతారు. అక్కడ నోరు పెగులుతుంది, ఎందుకంటే అడగడం ఆనవాయితీ, ఇవ్వడం ఆనవాయితీ, వెనక పదిమంది ఉంటారు. ఆనవాయితీ లేని పనికి ఒక్కడే నిలబడి అడగవలసి వచ్చినప్పుడు నాలుక ఎండిపోతుంది. వీడు తన కోసం అడుగుతున్నాడనుకుంటారేమో, కాదంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి అన్న భయం. ఆ భయంలో సగం అభిమానం, సగం అహంకారం. అడిగినకొద్దీ అహంకారం కరిగి అభిమానం మిగులుతుంది.

నాక్స్‌విల్‌కు అడగడం కొత్త కాదు. ఆ ఊరికి చేరువలో గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ ఉద్యానం ఉంది. 1923లో నాక్స్‌విల్‌కు చెందిన విల్లిస్ డేవిస్, ఆన్ డేవిస్ దంపతులు పశ్చిమాన ఉన్న జాతీయ ఉద్యానాలు చూసి వచ్చారు. మన కొండలకు అలాంటిది ఎందుకు లేదని ఆమె అడిగింది. ఊరుకోకుండా మరుసటి ఏడు రాష్ట్ర శాసనసభకు ఎన్నికైంది. మందుల వ్యాపారి డేవిడ్ చాప్‌మన్ ఉద్యమాన్ని భుజాన వేసుకున్నాడు. పడమటి ఉద్యానాలు ప్రభుత్వ భూముల్లో వచ్చాయి. ఇక్కడి భూమంతా కలప కంపెనీలదీ, రైతులదీ, కనుక కొనాలి. బడిపిల్లలు పైసలు పోగేశారు. టెనెసీ, నార్త్ కెరొలైనా రాష్ట్రాలు చెరి ఇరవై లక్షల డాలర్లు ఇచ్చాయి. 1928లో రాక్‌ఫెల్లర్ కుటుంబ నిధి యాభై లక్షల డాలర్లు ఇచ్చింది. 1934లో ఉద్యానం ఏర్పడింది. ఈనాటికీ దానికి ప్రవేశ రుసుము లేదు. వాహనం నిలపడానికి మాత్రం 2023 నుంచి కొంత కడుతున్నారు.

ఇందులో ఒక చేదు నిజం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. ఉద్యానం కోసం వెయ్యిమందికి పైగా భూయజమానులు కొండలు వదిలి వెళ్ళవలసి వచ్చింది. ఇష్టపడి అమ్మినవాళ్ళున్నారు, ఏడుస్తూ వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. అడగడానికీ తీసుకోవడానికీ ఉన్న తేడా అక్కడ తెలుస్తుంది. ఆ తేడా దృష్టిలో పెట్టుకుని చూస్తే ఇప్పటి అర్బన్ వైల్డర్‌నెస్ తీరు నాకు ఎక్కువ నచ్చుతుంది. అక్కడి బాటలు కొన్నిచోట్ల సొంత ఆస్తుల మీదుగా సాగుతాయి. ఆ యజమానులు భూమి తమ పేరునే ఉంచుకుని బాటకు దారి ఇచ్చారు. ఒక్కొక్కరి వాకిట్లో కూర్చుని, వాళ్ళ సందేహాలు విని, ఒప్పుకునేదాకా ఓపిక పట్టినవాళ్ళు ఉండబట్టే అది జరిగింది. డబ్బు అడగడం కన్నా అనుమతి అడగడం కష్టం. ఎవరైనా మీ పొలం గట్టు మీదుగా రోజూ నడుస్తామంటే మీరేమంటారో ఊహించుకోండి.

లెగసీ పార్క్స్ ఫౌండేషన్ అనే సంస్థ ఈ పనిలో ముందుంది. బేకర్ క్రీక్ దగ్గర వంద ఎకరాలను సమకూర్చి నగరానికి అప్పగించింది. అపలాచియన్ మౌంటెన్ బైక్ క్లబ్ సభ్యులు బాటలు తవ్వారు. హెల్మెట్లు తయారుచేసే బెల్ కంపెనీ బాటల నిర్మాణానికి పోటీ పెట్టి జనం ఓట్లతో లక్ష డాలర్ల నిధి ఇస్తుంటే, 2015లో నాక్స్‌విల్ దాన్ని గెలుచుకుంది. అక్కడ అడిగింది రూపాయి కాదు, ఒక్క ఓటు. కానీ ఓటు అడగడానికీ తలుపు తట్టాల్సిందే. అంతకుముందు ఈ అడవి మీదుగా జేమ్స్ వైట్ పార్క్‌వే అనే రహదారిని పొడిగించాలని రాష్ట్ర రవాణా శాఖ తలపెట్టినప్పుడు ఊరివాళ్ళు గట్టిగా ఎదురు నిలిచారు. 2013లో ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. రహదారి ఆగిపోయిన ఆ చోటే ఇప్పుడు అడవికి వాకిలి. తమ చేతులతో బాట తవ్వినవాళ్ళు సభలో లేచి మాట్లాడితే ఆ గొంతులో ఉండే బలం వేరు.

అడిగే తీరు నేర్చుకోవాలి. ‘అడవికి సాయం చేయండి’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘ఫలానా వంపు దగ్గర నీరు నిలుస్తోంది, రాళ్ళు పేర్చాలి, రాళ్ళకూ రవాణాకూ ఇంత అవుతుంది, కూలి మేమే చేస్తాం’ అనాలి. మీరు ఎంత ఇచ్చారో ముందు చెప్పాలి. అడిగాక నోరు మూసుకుని ఎదుటివాడి జవాబు కోసం ఆగాలి. చాలామంది ఇక్కడే తడబడి, ఆ మౌనం భరించలేక, ‘పర్లేదులెండి, మీ వీలునిబట్టి’ అంటూ తామే వెనక్కి తీసుకుంటారు. లేదన్నవాడికి నవ్వుతూ నమస్కారం పెట్టి రావాలి. అతనే ఆర్నెల్ల తర్వాత పార పట్టుకుని రావచ్చు. ఇచ్చినవాడికి ఖర్చు లెక్క, పని పూర్తయిన చోటి ఫొటో తప్పక అందాలి. మిగిలింది ఎంతో కూడా చెప్పాలి. మిగులు చెప్పని లెక్క మీద నమ్మకం నిలవదు.

కొత్త బాటకు డబ్బు పుడుతుంది, పాత బాటకు పుట్టదు. వంతెన మీద పేరు చెక్కించుకోవడానికి దాత దొరుకుతాడు, పూడిక తీసిన కాలువ మీద ఎవరి పేరు చెక్కుతాం? అందుకని పేరు రాని పనికి ఏటా డబ్బు తెచ్చేవాడే ఏ బృందానికైనా అసలు ఆస్తి. అలాంటి మనిషి కావాలని కోరుకోవడంలో తప్పు లేదు.

మనకూ ఇలాంటి చోట్లున్నాయి. విశాఖపట్నాన్ని ఆనుకుని డెబ్బై చదరపు కిలోమీటర్లకు పైగా కంబాలకొండ అభయారణ్యం ఉంది. హైదరాబాద్ నడుమ 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కేబీఆర్ పార్కు ఉంది. ఆ నగరం చుట్టూ రెండువందల యాభై కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ గుట్టలున్నాయి. వాటి కోసం 1996లో మొదలైన సొసైటీ టు సేవ్ రాక్స్ జనాన్ని ఆ రాళ్ళ మధ్య నడిపిస్తూ వచ్చింది. నడిచి చూసినవాడికే కాపాడాలనిపిస్తుందని వాళ్ళ పని చూస్తే తెలుస్తుంది. అయితే అభయారణ్యంలోనూ జాతీయ ఉద్యానంలోనూ మన ఇష్టానికి పార వేయకూడదు, కొమ్మ నరకకూడదు. అటవీ శాఖ అనుమతి ఉండాలి. వాళ్ళు ఏ పని ఒప్పుకుంటారో ఆ పనే చేయాలి. చెత్త ఏరడం, లాంటానా పొదలు పీకడం, వానకు ముందు నీటిదారులు శుభ్రం చేయడం లాంటి వాటితో మొదలుపెట్టమని అధికారిని అడగవచ్చు. అనుమతి లేఖ చేతికొచ్చాక చందా పుస్తకం తెరవాలి. మన దగ్గర వానలు జూన్‌లో దిగుతాయి కనుక పూడిక మే నెలాఖరుకు తీసి ఉండాలి. అంటే అడగడానికి బయల్దేరాల్సింది మార్చిలోనే.