జెనీవా విద్యాప్రణాళికలో ప్రమాణవిచారము

ఆధునిక విద్యలో ప్రమాణవిచారమునకు తావు లేదని మన పండితులు తఱచుగ వాపోవుదురు. ఆ మాట పూర్తిగ సత్యము కాదు. ఇంటర్నేషనల్ బాకలారియట్ డిప్లొమా ప్రణాళికయే ఇందుకు నిదర్శనము. దానిని శాస్త్రదృష్టితో పరిశీలించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

నానాజాతిసమితి ఉద్యోగుల బిడ్డలకై 1924లో జెనీవా నగరమున ఇంటర్నేషనల్ స్కూల్ అను స్వతంత్ర పాఠశాల వెలసినది. అచ్చట ఒకే తరగతిలో కూర్చుండు విద్యార్థులు తమతమ దేశముల విశ్వవిద్యాలయ ప్రవేశమునకై వేఱువేఱు పరీక్షలకు సిద్ధపడవలసి వచ్చెడిది. ఈ చిక్కును తొలగింప ఆ పాఠశాల అధ్యాపకులు చేసిన కృషి 1968లో బాకలారియట్ సంస్థగ పరిణమించినది.

ఇది రెండేండ్ల చదువు. సాహిత్యముతో కూడిన స్వభాష, అన్యభాష, సాంఘికశాస్త్రములు, ప్రకృతిశాస్త్రములు, గణితము, కళలు అని విషయవర్గములు ఆఱు. కళలకు మాఱుగ వేఱొక విషయమును గ్రహింపవచ్చును. విషయమునకు 7 చొప్పున 42 అంకములు. తక్కిన 3 అంకములు జ్ఞానవిచారమునకును, 4000 పదములకు మించని స్వతంత్ర ప్రబంధమునకును కలిపి లభించును. మొత్తము 45. సేవాదికార్యములు అంకములు లేకున్నను విధిగ చేయవలసినవే.

ఈ జ్ఞానవిచారమే మనకు ముఖ్యము. చరిత్రకారుడు దేనిని ఆధారముగ గొనును, భౌతికశాస్త్రజ్ఞుడు దేనిని గొనును, ఒకరి మాటను ఎప్పుడు నమ్మవచ్చును అని విద్యార్థి విమర్శింపవలెను. 1600 పదములలోపు వ్యాసము వ్రాయవలెను. లోకములోని మూడు వస్తువులను చూపి వానిమూలమున ఒక జ్ఞానప్రశ్నను వివరింపవలెను.

"ప్రత్యక్షానుమానోపమానశబ్దములను నైయాయికులు ఏనాడో నిరూపించిరి, ఇందు నూతనమేమి?" అని పూర్వపక్షము. విషయము నూతనము కాదు, వినియోగము గమనింపదగినది. హేత్వాభాసలక్షణమును మన విద్యార్థి తడబడక అప్పగించును. "మందు పుచ్చుకొన్న పిమ్మట జ్వరము తగ్గినది, కావున మందువలననే తగ్గినది" అను వాక్యమును ముందుంచిన, అనంతరభావిత్వము కాకతాళీయస్థలమున వ్యభిచరించునని చెప్పగలవారెందఱు? ఆప్తవాక్యము శబ్దమని చదివినవాడు, చరవాణిలో వచ్చిన వార్తకు ఆప్తుడెవ్వడని ప్రశ్నించుచున్నాడా? లోపము శాస్త్రమున లేదు, మన పరీక్షావిధానమున ఉన్నది.

జెనీవా పద్ధతికిని న్యూనత కలదు. రెండేండ్లలో ఆఱు విషయములు చదువువానికి ఒక గ్రంథమును గురుముఖమున పంక్తిపంక్తిగ విచారించు లోతు అలవడదు. ఆ లోతు పాఠశాలా సంప్రదాయము యొక్క సొత్తు. దానిని వదలుకొని పైపై మెఱుగులకు ఆశపడరాదు.

కావున ఓరియంటల్ కళాశాలలకు రెండు సూచనలు. ప్రతి లక్షణప్రశ్నతోపాటు గ్రంథమున లేని లౌకికోదాహరణము నొకటి యిచ్చి పరీక్షింపవలెను. ప్రతి విద్యార్థిచేత ఒక లఘుప్రబంధము వ్రాయించి, దానిపై మౌఖికముగ ప్రశ్నింపవలెను. బాకలారియట్ విద్యార్థియు ప్రబంధాంతమున తన మార్గదర్శకునితో ఇట్టి సంభాషణ జరుపును. వాక్యార్థసభలలో పెరిగిన మనకు ఇది పరధర్మము కాదు, మఱచిన స్వధర్మమే.